గోదారి ఒడ్డుకు ఓనరు

మా భోజన్నకు ఒకటే జబ్బు. సర్కారుది అని ఎవరైనా దేన్నయినా చూపిస్తే, అది తనదే అనుకునేవాడు. తన ఒక్కడిదే అని కాదు లెండి, అంత స్వార్థం లేదు. "మనది" అనేవాడు. ఎర్రబస్సు మనది. కరెంటు స్తంభం మనది. దవాఖాన మనది. ఈ "మనది" అనే మాట ఆయన నోట్లో ఎంత నలిగిందంటే, ఆర్మూరులో ఉన్న ఇతర భోజన్నలతో కలిసిపోకుండా ఆయన్ని అందరూ "మనదే భోజన్న" అని పిలిచేవాళ్ళు. పిలిస్తే పలికేవాడు కూడా.

పసుపు మార్కెట్లో తూకం వేసే దడువాయి పని ఆయనది. నాది మార్కెట్ ఎదురుగా ఎస్టీడీ బూత్. కాంటా దగ్గర పని లేనప్పుడల్లా వచ్చి నా బూత్ ముందు బెంచీ మీద కూర్చునేవాడు. ఓసారి నేనే అడిగాను.

"నా బూత్ గూడ మనదేనా భోజన్నా?"

"ఛా! నీదైతే నీదే నారాయణ. పరాయి సొమ్ము మనకెందుకు? గా స్తంభం మీదికెల్లి వచ్చే తీగె ఉన్నది సూడు, గదొక్కటే మనది."

ఒకసారి ఇద్దరం నిజామాబాద్ నుంచి బస్సులో వస్తున్నాం. డ్రైవరు ఎవరి మీద కోపమో గుంతలు వెతుక్కుని మరీ నడుపుతున్నాడు. భోజన్న లేచి, కడ్డీలు పట్టుకుంటూ ముందుకు పోయాడు.

"ఓ డ్రైవర్ సాబ్! జర నిమ్మళం. మన బస్సును గుంతలల్ల ఏసి గట్ల కొడ్తె ఎట్లా?"

"నీ బస్సా ఇది?"

"నా ఒక్కనిదేనా? నీది గూడ. సొంత బస్సును ఎవడన్న గిట్ల ఖరాబు చేసుకుంటడా?"

డ్రైవరుకు ఆ కోణం అంతవరకూ తట్టినట్టు లేదు. తర్వాతి గుంత దగ్గర బస్సును పసిపిల్లను దించినట్టు దించి, వెనక్కి తిరిగి, "గిట్ల సరేనా సేటూ?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది. భోజన్న మాత్రం గంభీరంగా తల ఊపి వచ్చి కూర్చున్నాడు.

ఠాణా గోడకు సున్నం ఎప్పుడు వేయిస్తారని ఎస్సైనే అడిగిన ఘనుడాయన. "లోపలికొచ్చి చూస్తవా?" అన్నాడట ఎస్సై. "వద్దు సార్, బయటికెల్లే మంచిగ కనవడుతున్నది" అని రెండు చేతులూ జోడించి వచ్చేశాడు. పోస్టు డబ్బా పైరేకు తుప్పు పట్టి చిల్లు పడితే, వాన వెలిసేదాకా దాని మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తాను తడిసి ముద్దయ్యాడు. "లోపల దుబాయికి పోయే ఉత్తరాలున్నయి. సిరా కారిపోతె గక్కడ మనోళ్ళు ఏం సదువుకుంటరు?" అన్నాడు ముక్కు చీదుకుంటూ. ఊరంతా ఒక వారం ఆ గొడుగు గురించే చెప్పుకుని నవ్వుకుంది.

ఇంతకూ ఇంత ఆస్తి ఉన్న భోజన్నకు సొంతిల్లు లేదు. నీలవ్వ ఇంట్లో ఒక అర్ర, ముందు చిన్న వసారా, అదీ కిరాయికి. భార్య భాగ్యవ్వ ఆ వసారాలో కూర్చుని బీడీలు చుట్టేది. నీలవ్వ అంటే ఆ వీధికి హడల్. ప్రతి శుక్రవారం పొద్దుగూకే వేళ చేతికర్ర పట్టుకుని తన ఇల్లు తాను చూసుకోవడానికి వచ్చేది.

"గోడకు మేకు కొట్టినవా భోజన్నా?"

"లేదవ్వా."

"మరి గా అంగీ దేనికి యాలాడుతున్నది? గాలికా?"

"పాత మేకవ్వా. మీ కాలందే."

"పొయ్యి పొగ దూలానికి కొడ్తున్నది. పొయ్యి జరపాలె. గా చుట్టాలు ఇంకెన్ని దినాలుంటరు? నీళ్ళు వాకిట్ల పారబొయ్యద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

"సరేనవ్వా. సరేనవ్వా."

బజారులో ఎస్సైని నిలదీసిన మనిషి నీలవ్వ ముందు చేతులు కట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిలబడేవాడు. ఆ పాఠం ఆయన ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో మాకు తర్వాత తెలిసింది.

పోచంపాడ్ ఆనకట్టకు కొంచెం ఎడంగా, గోదావరి నీళ్ళ ఒడ్డున, చెట్లూ ఇసుకా ఉన్న చక్కటి జాగా ఒకటి ఉండేది. నీళ్ళలోకి రాతిమెట్లు దిగేవి. పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, మార్కెట్‌కు తోలిన తర్వాత మా చుట్టుపక్కల రైతు కుటుంబాలు మూటలు కట్టుకుని అక్కడికి వెళ్ళేవి. ఒంటికి పట్టిన పసుపంతా ఆ మెట్ల మీదే కడుక్కునేవాళ్ళు. ఆ రోజుల్లో అక్కడ పట్టిన చేపకు మళ్ళీ పసుపు పూయక్కర్లేదని, ఉప్పూ కారం చాలని చెప్పుకునేవాళ్ళం. బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూడా ఆదివారాలు వచ్చేవాళ్ళు. వాళ్ళలో అందరికన్నా పెద్దది లసుమవ్వ. జీవితమంతా కాళ్ళు మడిచి కూర్చుని ఆమె మోకాళ్ళు పట్టేశాయి. కింది మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు వేలాడేస్తే తప్ప వారమంతా నడవలేనని ఆమె నమ్మకం. ఆమెను బస్సెక్కించి, దించి, మెట్ల దాకా తీసుకుపోయే బాధ్యత భోజన్నది. "పా అవ్వా, మన గోదారి" అనేవాడు, ఇంట్లో నీళ్ళ తొట్టి చూపించినట్టు.

అది తొంభై నాలుగో తొంభై అయిదో, సంవత్సరం సరిగా గుర్తు లేదు. ఆ ఒడ్డును చూసుకోవడం తమ వల్ల కావడం లేదని, దాని నిర్వహణను ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తున్నామని సర్కారు నుంచి నోటీసు పడింది. పట్నంలో పార్కులూ, సముద్రం దగ్గర బీచులూ నడిపే కంపెనీ. పేరు తరంగ్ విహార్. నెల తిరక్కుండానే ఇనుప కంచె లేచింది. గేటు పడింది. ఇసుకలో రంగురంగుల గొడుగులూ ప్లాస్టిక్ కుర్చీలూ మొలిచాయి. చెట్టుకు ఒక బోర్డు: "గోదావరి బీచ్. ప్రవేశానికి టికెట్."

ఆ ఆదివారం భోజన్న, భాగ్యవ్వ, లసుమవ్వ, నేను బస్సు దిగి ఆ బోర్డు కింద నిలబడ్డాం.

"బీచంటే ఏంది బిడ్డా?" అని నన్ను అడిగింది లసుమవ్వ.

"సముద్రం ఒడ్డవ్వా."

"మరి సముద్రమేది?"

"ఎనుకకెల్లి లారీల వస్తున్నదేమో" అంది భాగ్యవ్వ.

గేటు దగ్గర ఒక సన్నటి కుర్రమేనేజరు నిలబడి ఉన్నాడు. అంత ఎండలోనూ మెడకు టై. పేరు సాలోమోను. కోస్తా వైపు సముద్రపు ఊరి మనిషి. బీచుల గురించి తెలుసునని కంపెనీ అతన్ని ఇక్కడికి తోలింది.

"టికెట్ తీసుకోవాలండి" అన్నాడు మర్యాదగా.

"దేనికి?" అన్నాడు భోజన్న.

"లోపలికి వెళ్ళడానికండి."

"లోపల ఏమున్నది?"

"గోదావరండి."

"గది మొన్నటిదాంక బయటనే ఉండె గద తమ్మీ?"

సాలోమోను టై సర్దుకున్నాడు. "ఇప్పుడిది మా కంపెనీ లీజుకు తీసుకుందండి" అన్నాడు.

"లీజంటే?"

"అంటే... అద్దెకండి. మీరు కిరాయి అంటారు చూడండి, అది."

కిరాయి అన్న మాట చెవిన పడగానే భోజన్న మొహం కాంటా మీద పెట్టిన కొత్త పసుపులా వెలిగింది.

"కిరాయికా! ఎవలి తాన తీసుకున్నరు?"

"గవర్నమెంటు దగ్గరండి."

"గవర్నమెంటు ఎవలది?"

"ప్రజలదండి."

"మేమెవలం?"

సాలోమోను మా నలుగురినీ పైనుంచి కిందికి చూశాడు. "ప్రజలేనండి" అని ఒప్పుకున్నాడు.

"గట్ల చెప్పు. నువ్వు కిరాయిదారువు, మేము ఓనర్లం. ఓనరు తన ఇల్లు సూసుకోను వస్తే టికెట్ అడుగుతవా? తియ్యి, గేటు తియ్యి."

లెక్క ఎక్కడ తప్పిందో సాలోమోను వెతుక్కుంటుండగానే మేం లోపలికి వెళ్ళిపోయాం.

లోపలికి వెళ్ళాక భోజన్న నడకే మారిపోయింది. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మెడ కొంచెం పక్కకు వంచాడు. లేని చేతికర్రతో దేన్నో పొడుస్తున్నట్టు చూడసాగాడు. వెనకాలే సాలోమోను.

"చెట్టుకు మేకు కొట్టిండ్రేంది?"

"బోర్డు కోసమండి."

"నన్ను అడిగినవా? గా గొడుగులు ఎవలియి?"

"కంపెనీవండి."

"సామాను మస్తుగనే దించిండ్రు. చుట్టాలు ఎక్కువ వస్తరా?"

"వాళ్ళు చుట్టాలు కారండి, కస్టమర్లండి."

"ఎవలైతేంది? నీళ్ళు పారబొయ్యద్దని చెప్పు."

"నది ఒడ్డు కదండీ..."

"ఎదురు మాట్లాడకు. ఖాళీ చేసినప్పుడు గోడలకు సున్నం ఏసి పోవాలె."

"గోడలు లేవండి."

"మెట్లకు ఎయ్యి."

భాగ్యవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "నీలవ్వను ఇంటి తాన ఇడిసిపెట్టి వచ్చినమనుకున్న. బస్సెక్కి మనెంబడే వచ్చింది" అంది నాతో. కింద లసుమవ్వ అప్పటికే నీళ్ళలో కాళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం తనిఖీయే. సాలోమోను ఆర్మూరుకు వచ్చి నా బూత్ నుంచి పట్నంలో ఉన్న తన డైరెక్టరుకు ఫోన్ చేసేవాడు. నా బూత్ అద్దం తలుపు ఏనాడూ పూర్తిగా పడి చావదు. అందుకని బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ అతని గోడు వినపడేది.

"సార్, ఓనరు మళ్ళీ వచ్చారండి... ఏ ఓనరంటే... ఇంటి ఓనరండి... ఇల్లు లేదండి, నిజమే... గొడుగులు తెల్లారి మడిచి, సాయంత్రం తెరవమన్నారండి, రంగు వెలుస్తుందని... లేదండి, నేనేం తాగలేదండి..."

ఫోన్ పెట్టి బయటికొచ్చి చెమట తుడుచుకునేవాడు. బెంచీ మీద ఉన్న భోజన్న జరిగి చోటిచ్చేవాడు.

"ఏమన్నడు మీ సేటు?"

"మిమ్మల్ని లోపలికి రానివ్వద్దన్నారండి."

"మంచిదే. ఆదివారం వస్తున్న. గేటుకు గ్రీజు పెట్టు, కిర్రుమంటున్నది."

ఓనరుగిరీ అంటువ్యాధి అని అప్పుడే తెలిసింది. ముందు దడువాయిలు వచ్చారు. తర్వాత హమాలీలు. ఆ పైన బీడీల ఆడవాళ్ళంతా కలిసి ఒక బస్సు నిండా వచ్చారు. పట్నం నుంచి టికెట్ కొనుక్కుని వచ్చిన దొరబాబులు గొడుగుల కింద కూర్చుని ఉంటే, వాళ్ళ చుట్టూ తిరుగుతూ "కుర్చీ జర ఎత్తుండ్రి బాబూ, కింద ఇసుక ఎట్లున్నదో సూడాలె, మా ఇల్లు గిది" అని ఆడవాళ్ళ తనిఖీ. ఒకామె సాలోమోను టై పట్టుకుని చూసి, "కిరాయిదారు మంచోడే గని గీ మెడకు ఉరేందే?" అని పక్కామెను అడిగింది.

డైరెక్టరుకు మండింది. కారులో వచ్చాడు. ఇద్దరు గార్డులను పెట్టాడు. పడవల షికారు మొదలుపెడుతున్నామని చెప్పి, రాతిమెట్లకు అడ్డంగా ఇనుప తలుపు వేయించి తాళం కొట్టించాడు. ఆ తాళం చెవి సాలోమోను చేతికిచ్చి, "ఒక్కరు దిగినా నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు.

ఆ ఆదివారం లసుమవ్వ ఆ తలుపు ముందు కాసేపు నిలబడింది. "పా బిడ్డా, ఇంటికి పోదాం" అని వెనక్కి తిరిగింది. బస్సులో ఆమె కాళ్ళు చాపుకోలేక అవస్థ పడుతుంటే భోజన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బస్సు గుంతలో పడ్డా డ్రైవరును ఏమీ అనలేదు. నేను ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి.

పడవల ప్రారంభోత్సవానికి జిల్లా నుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ఆ పొద్దున భోజన్న పెళ్ళినాటి ధోతి కట్టాడు. మెడలో కండువా. చేతిలో బంతిపూల దండ.

"ఎటు పోతున్నవయ్యా పెండ్లికొడుకోలె?" అంది భాగ్యవ్వ.

"మనింటికి పెద్దమనిషి వస్తుండు. ఓనర్లం ఎదురు పోవద్దా?"

డైరెక్టరు రిబ్బను కట్టించే హడావిడిలో పడవల దగ్గర ఉన్నాడు. ఆఫీసరు జీపు గేటు ముందు ఆగింది. గార్డులు కదిలేలోపు భోజన్న దండ వేసి, వంగి దండం పెట్టాడు.

"రాండ్రి సార్, రాండ్రి. తొవ్వల ఏం తక్లీబు కాలేదు గద?"

"మీరు...?"

"ఓనర్లం సార్."

ఆఫీసరు ఆ ధోతిని, కండువాను చూసి, కంపెనీలో ఇక్కడి భాగస్వామి కాబోలు అనుకున్నాడు. భోజన్న భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. భోజన్న ఆయన్ని నేరుగా మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ లసుమవ్వ, భాగ్యవ్వ, ఇంకా బీడీల ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నేనూ ఉన్నాను.

"ఈ తలుపు ఏమిటి? తాళం ఎందుకు?" అన్నాడు ఆఫీసరు.

"గదే సార్. ఇయ్యాల మీ చేతుల మీదికెల్లి తీపియ్యాలెనని ఆపినం. పడవలు పట్నపోళ్ళకు. మెట్లు మనూరోళ్ళకు. మనోళ్ళకు టికెట్ లేదు. గీ అవ్వకు మోకాళ్ళ నొప్పులు సార్, మీరు తీస్తే మొదాలు గామెనే దిగుతది."

ఆఫీసరు ముచ్చటపడిపోయాడు. "చాలా మంచి ఆలోచన. వ్యాపారంతో పాటు సేవ. తాళం చెవి ఏదీ?"

అందరూ సాలోమోను వైపు తిరిగారు. పడవల దగ్గరి నుంచి డైరెక్టరు సంగతి గ్రహించి రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. తల కూడా ఊపుతున్నాడు. దూరం నుంచి చూస్తే ఈదుతున్నట్టుంది.

సాలోమోను ఆయన్ని చూశాడు. లసుమవ్వను చూశాడు. చెయ్యి జేబులో పెట్టాడు. ఆ చెయ్యి బయటికి రావడానికి చాలాసేపు పట్టినట్టు నాకనిపించింది.

"ఇదిగోండి" అన్నాడు.

"వీళ్ళకు టికెట్ లేదన్న మాట నిజమేనా?" అని అడిగాడు ఆఫీసరు.

సాలోమోను టై కొంచెం వదులు చేసుకున్నాడు. "నిజమేనండి. ఓనర్లు కదండీ" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. లసుమవ్వ భోజన్న చెయ్యి పట్టుకుని దిగి, కాళ్ళు నీళ్ళలో పెట్టి "అబ్బా" అంది. ఆ తర్వాత ఆఫీసరు మైకు అందుకుని, ఊరి వాళ్ళకు మెట్లను శాశ్వతంగా ఉచితంగా వదిలిన కంపెనీ పెద్దమనసును పావుగంట పొగిడాడు. పత్రికల వాళ్ళు రాసుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ, డైరెక్టరు కొట్టాల్సి వచ్చింది.

జీపు దుమ్ము అణగక ముందే సాలోమోను ఉద్యోగం పోయింది.

మర్నాడు సంచీ భుజాన వేసుకుని నా బూత్‌కు వచ్చాడు. వాళ్ళమ్మకు ఫోన్ చేయాలన్నాడు. నంబరు తిప్పబోయి ఆగిపోయాడు. నాకు ఉండబట్టలేదు.

"తాళం చెవి ఎందుకిచ్చినవయ్యా? నిన్ను అన్ని వారాలు సతాయించిండు గద గాయన?"

సాలోమోను నవ్వాడు. "మీరు ఆడవాళ్ళతో మెట్ల మీద ఉండేవారు, చూడలేదండి. ఆయన తిట్టేదంతా నలుగురూ వింటున్నంతసేపేనండి. తర్వాత రాళ్ళ వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, కండువాలోంచి జొన్నరొట్టెలూ పచ్చడీ తీసేవారండి. కంపెనీ క్యాంటీన్ పెడతానంది, పెట్టలేదు. ఆ ఒడ్డున నేను బిస్కెట్లతో బతికేవాడినండి. మొదటి రోజే కనిపెట్టేశారు. 'కిరాయిదారు పొయ్యి వెలుగుతుందో లేదో చూసుకోనోడు ఓనరెట్లయితడు?' అనేవారండి."

భాగ్యవ్వ చేసిన రొట్టెలు ఆదివారాలు ఎటు పోతున్నాయో ఆమెకే అంతు పట్టేది కాదు. కుక్క ఎత్తుకుపోయిందని భోజన్న చెప్పేవాడు. ఆ కుక్కను పట్టుకోవాలని ఆమె కర్ర కూడా సిద్ధం చేసి పెట్టుకుంది.

"ఒకసారి నా కళ్ళు చూసి, 'తమ్మీ, నేను పసుపు తూచేటోణ్ణి, గీ పచ్చ మార్కెట్ పచ్చ గాదు' అన్నారండి. కామెర్లు. నన్ను బస్సెక్కించి ఆర్మూరు తీసుకొచ్చి, 'మన దవాఖాన, మన డాక్టరు, సిగ్గుపడకు' అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారండి. మా ఊరు వదిలాక నన్ను 'మన' అన్నవాళ్ళు ఎవరూ లేరండి."

బెంచీ మీద దుబాయి నుంచి వచ్చే ఫోన్ కోసం ఎదురు చూస్తున్న లసుమవ్వ అందుకుంది.

"నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవు బిడ్డా. నేను గా దవాఖాన గేటు దాంక పోయి ఎన్నిసార్లు ఎనుకకు మర్లి వచ్చిన్నో. తెల్లగోడలు, తెల్లబట్టలు, నన్ను ఎవలు రానిస్తరని భయం. గీ భోజన్ననే, 'మనింట్లకు మనం పోను భయమేందవ్వా' అని గుంజకపోయిండు. మన బస్సు, మన ఆఫీసు అని గాయన గొప్పలకు అంటడా? మా అసొంటోళ్ళను లోపలికి తోలుకపోను అంటడు. మీరేమో నవ్వుతరు."

నేను ఇన్నేళ్ళుగా పక్కన కూర్చుని నవ్వినవాడినే. తల దించుకుని బిల్లు మిషనును తుడిచాను.

ఈలోగా భోజన్న వచ్చేశాడు. సాలోమోను నంబరు తిప్పి, వాళ్ళమ్మ గొంతు వినగానే కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోతే, భోజన్న రిసీవరు లాక్కున్నాడు.

"అమ్మా, దండాలు. నేను మీ పిలగాని ఇంటి ఓనర్ని."

అవతల ఎస్తేరమ్మ గొంతు బెంచీ దాకా వినపడింది. "అయ్యో, మావోడేం చేశాడు బాబూ?"

"ఏం జెయ్యలే తల్లీ. మస్తు మంచోడు. గోదారిని అద్దంలెక్క ఉంచిండు. ఇప్పుడు గది ఖాళీ చేసిండు, కొత్త నౌకరి దొరికింది."

సాలోమోను ఉలిక్కిపడ్డాడు. "ఏ నౌకరీ అండి?"

భోజన్న రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు, మాట్లాడుతున్న గద. మార్కెట్ల గుమస్తా."

"ఎవరి దగ్గరండి?"

"గది ఫోను పెట్టినంక సూద్దాం... ఆఁ అమ్మా, తిండికి ఫికర్ లేదు. మనిల్లే."

ఫోన్ పెట్టి సాలోమోనును మార్కెట్లోకి లాక్కుపోయాడు. రైతుల పసుపు అమ్మిపెట్టే అడితి దుకాణాలన్నీ తిరిగాడు. "మనోడు. ఇంగ్లీషులో మాట్లాడ్తడు, తిట్టినా ఎదురు తిరగడు, పెద్ద ఆఫీసరు ముంగట భయపడడు" అని ప్రతి సేటుకూ చెప్పాడు. పొద్దుగూకేసరికి ఒక సేటు, ఇతన్ని పెట్టుకుంటే తప్ప భోజన్న మెట్టు దిగేలా లేడని గ్రహించి, పెట్టుకున్నాడు. నీలవ్వ ఇంట్లో రెండో అర్ర ఖాళీగా ఉంది. ఆ శుక్రవారం నీలవ్వ కర్ర పట్టుకుని వచ్చేసరికి చేతులు కట్టుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు.

"మేకు కొట్టినవా పిలగా?"

"లేదండి అవ్వగారూ."

"గీ టై దేనికి తగిలిచ్చినవ్ మరి?"

"పాత మేకే అవ్వా" అన్నాడు భోజన్న, పక్కనుంచి మెల్లగా.

తరంగ్ విహార్ వాళ్ళు మరికొన్నాళ్ళు పడవలు నడిపి, గొడుగులు మడుచుకుని వెళ్ళిపోయారు. మెట్ల తలుపుకు మాత్రం మళ్ళీ తాళం పడలేదు.

సాలోమోను పెళ్ళికి మమ్మల్ని వాళ్ళ ఊరు రమ్మని ఎస్తేరమ్మ స్వయంగా ఫోన్ చేసింది. భోజన్న, భాగ్యవ్వ, నేను రైలెక్కి వెళ్ళాం. పెళ్ళయిన మర్నాడు సాలోమోను మమ్మల్ని సముద్రం చూపించడానికి తీసుకెళ్ళాడు. తీరా చూస్తే అక్కడా ఎవరో కంపెనీ వాళ్ళు ఒడ్డుకు అడ్డంగా తాడు కట్టి, టికెట్ల బల్ల పెట్టారు. తాడు ఇవతల, నెత్తిన మూటతో ఒక ముసలి జంట నిలబడి ఉంది. కొండల వైపు నుంచి వచ్చినట్టున్నారు. సముద్రాన్ని తాడు మీదుగా తొంగి చూస్తున్నారు.

భోజన్న వాళ్ళ దగ్గర ఆగాడు. "నిలబడ్డరేంది తాతా?"

"రానిస్తారో లేదో బాబూ."

"ఎవలు రానియ్యరు?" అని ముసలాయన మూట అందుకుని భుజాన వేసుకున్నాడు. అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. టికెట్ల మనిషి లేచి, "ఏయ్, ఎవరు మీరు?" అన్నాడు. భోజన్న నోరు తెరవబోయాడు. అంతకంటే ముందే మా సాలోమోను ఆయన ముందుకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, మెడ పక్కకు వంచి అడిగాడు.

"ఓనర్లమండి. ఈ తాడుకు మేకులు ఎవర్ని అడిగి కొట్టారండి?"

ఆ మనిషి ఆలోచనలో పడ్డాడు. మేం ఆరుగురం తాడు కింది నుంచి దూరి నీళ్ళ దాకా నడిచాం. ముసలి జంట ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అలల్లో నిలబడి చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. భోజన్న మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు చూస్తూ నిలబడిపోయాడు.

"ఏంది భోజన్నా? గిది గూడ మనదేనా?" అన్నాను.

"మనదే" అన్నాడు గానీ, గొంతులో ఎన్నడూ లేని బెంగ. భాగ్యవ్వ వైపు తిరిగాడు.

"గని గింత పెద్దది ఎందుకు తీసుకున్నమే? ఊడ్సుడెట్ల?"